నీమోల కోసం కాదు, ట్యాంక్ కోసం అనెమోనీ

అనెమోనీ అంటే పువ్వులా కనబడే సముద్రపు జీవి, క్లౌన్ ఫిష్ అందులో కాపురం ఉంటుంది. ఉప్పునీటి ట్యాంక్ కోసం నేను కొన్న మొదటి అనెమోనీ తెల్లగా మల్లెపువ్వులా ఉండేది, టెంటకిల్స్ (వేళ్లలాంటి పోగులు) చివర్లు మాత్రం లేత ఊదా రంగు. దాని పక్కనే మట్టి కొట్టుకుపోయినట్టు గోధుమరంగులో ఇంకోటి ఉంటే దాని వైపు కన్నెత్తి కూడా చూడలేదు. సీబే అనే రకం అని చెప్పి అమ్మారు. ఏడు వారాలు బతికింది. నేను మురిసిపోయిన ఆ తెలుపు అందం కాదు, జబ్బు అని తెలిసేసరికి దాన్ని వలతో ఎత్తి పారేయాల్సిన రోజు వచ్చేసింది.

అనెమోనీ ఒంట్లో జూజాంథెల్లే అనే కంటికి కనబడని ఆల్గే కాపురం ఉంటుంది. వెలుతురుతో అది తయారుచేసే తిండిలో ఎక్కువ భాగం అనెమోనీకే పోతుంది. గోధుమరంగు ఆ ఆల్గేదే. సముద్రంలోంచి పెకలించి, సంచుల్లో తిప్పి, చీకటి తొట్లలో ఉంచితే ఆ కష్టానికి అనెమోనీ ఆల్గేని బయటికి కక్కేస్తుంది. దాన్నే బ్లీచింగ్ అంటారు. అంటే తెల్లటి అనెమోనీ ఆకలితో నకనకలాడుతోందని అర్థం. ఓపిగ్గా చిన్న ముక్కలు తినిపిస్తూ, వెలుతురు మెల్లగా పెంచుతూ పోతే కొన్ని కోలుకుంటాయి, కానీ మొదటిసారి పెంచేవాళ్లు పెట్టుకోవాల్సిన పని కాదది. ఇక నిమ్మపండు పసుపులో మెరిసిపోయేవి కనబడితే ఇంకా జాగ్రత్త, వాటిలో చాలావరకు రంగు ఎక్కించినవే.

అసలు ఏ రకం కొనాలి? అనెమోనీల్లో వెయ్యికి పైగా జాతులున్నా క్లౌన్ ఫిష్‌కి ఇల్లిచ్చేవి పదే. చేపల్లో కూడా ఎవరి అభిరుచి వాళ్లది. క్లార్కీకి పదిలో ఏదైనా పర్వాలేదు, మెరూన్ క్లౌన్ మాత్రం బబుల్ టిప్ (టెంటకిల్స్ చివర్లు బుడగల్లా ఉబ్బే రకం) తప్ప ఇంకో గుమ్మం తొక్కదు. మనలో ఎక్కువమంది పెంచే ఆసెల్లారిస్, అదే నారింజ ఒంటి మీద మూడు తెల్ల పట్టీలున్నది, సముద్రంలో మూడింట్లో ఉంటుంది: మాగ్నిఫికా, జైగాంటియా కార్పెట్, మెర్టెన్సీ కార్పెట్. ఈ జాబితా చదవగానే నేను చేసిన తప్పు, మీరూ చేయబోయే తప్పు, ఆ మూడింట్లో ఒకటి వెతకడం మొదలుపెట్టడం.

చేప వైపు నుంచి చూస్తే ఆ జాబితా నిజమే. ట్యాంక్ వైపు నుంచి చూడండి. మాగ్నిఫికా రీఫ్‌లో, అంటే పగడపు దిబ్బల్లో, అందరికంటే ఎత్తుగా, ఎండ నేరుగా పడేచోట, నీళ్లు విసిరికొట్టేచోట కూర్చుంటుంది. ట్యాంక్‌లో వేస్తే పైకి పాక్కుంటూ వెళ్లి అద్దానికి, నీటిమట్టం దగ్గరే అంటుకుంటుంది. సముద్రంలో మీటరు వెడల్పు దాకా పెరిగే జీవికి మన నాలుగడుగుల పెట్టె ఏ మూలకు? మెర్టెన్సీ అంతకంటే పెద్దది. జైగాంటియా ప్రయాణంలోనే సగం చచ్చి వస్తుంది. కార్పెట్లలో కాస్త తట్టుకునేది హాడోనీ, మెత్తటి ఇసుకలో పాదం దించుకుని పరుపులా పరుచుకుంటుంది, చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కాకపోతే దానికి చేపలంటే భోజనం. ఇసుక మీద పడుకునే గోబీ, రాత్రి బెదిరి ఎగిరిన ఆంథియాస్, ఏది తగిలినా పట్టుకుంటుంది, అంత జిగురు.

అందుకే నా ఓటు బబుల్ టిప్‌కి. ఆసెల్లారిస్‌ని సముద్రంలో ఇందులో చూడరు, అయినా ట్యాంక్‌లో చాలా జంటలు దీన్ని ఒప్పుకుంటాయి. ముఖ్యంగా ఇది తనంతట తానే రెండుగా చీలి పెరుగుతుంది కాబట్టి ఎవరో పెంచేవాళ్ల ట్యాంక్‌లో పుట్టిన పిల్ల మీకు దొరుకుతుంది. ఆ పిల్ల ముందే ఎల్‌ఈడీ వెలుతురుకీ పంపుల ఒరవడికీ అలవాటు పడి ఉంటుంది. సముద్రం నుంచి తెచ్చినదానికీ దీనికీ బతికే అవకాశంలో చాలా తేడా. చివర్లకు బుడగలు రాకుండా సన్నగా పొడుగ్గా సాగినా కంగారుపడకండి, బుడగ లేకపోవడం జబ్బు కాదు.

కాండిలాక్టిస్ అనే ఇంకో అనెమోనీ చూపించి "దీంట్లోకి కూడా వెళ్తాయండీ" అనేవాళ్లు కనబడతారు. అది అట్లాంటిక్, కరీబియన్ సముద్రాలది. అక్కడ క్లౌన్ ఫిష్‌లే లేవు. ఒకటో రెండో వెళ్లొచ్చు, కానీ ఇష్టపడి వెళ్లే చేపల కంటే అది మింగే చేపలే ఎక్కువ.

కొనేటప్పుడు నేను ఇప్పుడు రెండుసార్లు వెళ్లి చూస్తాను. మొదట నోరు. మధ్యలో చిన్న గాటులా గట్టిగా మూసుకుని ఉండాలి. తెరుచుకుని లోపలి పేగుల్లాంటి పోగులు వేలాడుతుంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు. తర్వాత పాదం. రాయి మీద అంటుకుని ఉన్నదే మంచిది, వీలైతే ఆ రాయితో సహా తెచ్చుకోవాలి, ఎందుకంటే గోరుతో లాగేటప్పుడు పాదం చిరిగిందంటే అక్కడినుంచే కుళ్లుతుంది. టెంటకిల్స్‌కి ఆహారం ముక్క తగిలిస్తే పట్టుకోవాలి. అప్పుడప్పుడూ ముడుచుకుపోయి వక్కపలుకంత అయిపోవడం మామూలే, లోపలి మలినం బయటికి తోసి మళ్లీ విచ్చుకుంటుంది. మర్నాడు కూడా అలాగే ఉంటేనే అనుమానించాలి.

ట్యాంక్ గురించి ఎక్కువ చెప్పను, ఇది అందరూ చెప్పేదే: అనెమోనీ వేసేముందు ట్యాంక్ నడుస్తూ కనీసం ఆరు నెలలు కావాలి, ఏడాదైతే మరీ మంచిది, ఉప్పు (నీటి సాపేక్ష సాంద్రత) 1.025 దగ్గర నిలకడగా, వేడి 25, 26 డిగ్రీలు. అంకె కంటే నిలకడ ముఖ్యం. ఆవిరైన నీళ్లని మూడ్రోజులకోసారి బకెట్‌తో పోసేవాళ్లు ముందు ఆటో టాప్ ఆఫ్ (తగ్గిన నీళ్లని దానంతట అదే నింపే పరికరం) కొనుక్కోండి, అనెమోనీ తర్వాత.

అందరూ చెప్పినా నేను విననిది పంపు సంగతి. బబుల్ టిప్ తెచ్చిన మూడో రాత్రి, లైట్లు ఆరిపోయాక, నిద్రలో మోటారు శబ్దం మారినట్టు అనిపించింది. రోజూ వినే సన్నటి హోరు బదులు గరగరమని, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు. ఫోన్ టార్చ్ వేసి చూస్తే అనెమోనీ నేను పెట్టిన రాతి చీలికలోంచి బయల్దేరి, వెనకద్దం మీదుగా పాక్కుంటూ పవర్‌హెడ్ (నీళ్లని తిప్పే పంపు) జాలీ దాకా వెళ్లింది. ఒక పక్క టెంటకిల్స్ లోపలికి పోయాయి. ప్లగ్ పీకి, చేతులు వణుకుతుంటే లాగకుండా కూర్చున్నాను, దానంతట అదే వదిలేదాకా దాదాపు గంట. నీళ్లలో తెల్లటి తుక్కు. అప్పటికప్పుడు విషాన్ని పీల్చే కార్బన్ పెట్టి, పొద్దున్నే నీళ్లు మార్చాను. నోరూ పాదమూ దెబ్బతినలేదు కాబట్టి మూడు వారాల్లో కోలుకుంది. పూర్తిగా నలిగి ఉంటే ఆ విషానికి చేపలు కూడా పోయేవి. ఇప్పుడు ప్రతి పంపుకీ స్పాంజి తొడుగు. అనెమోనీ రాకముందే తొడగాలి, వచ్చాక కాదు.

ఇంత టెన్షన్ పడి తెస్తే నా క్లౌన్ ఫిష్ జంట దాన్ని పట్టించుకోలేదు. నాలుగు నెలలు హామర్ కోరల్ అనే పగడంలోనే దొర్లాయి. ట్యాంకుల్లో పుట్టిన చేపలు కదా, అనెమోనీ మొహమే ఎరగవు. అది లేకుండా హాయిగా బతుకుతాయి, గుడ్లు కూడా పెడతాయి. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు ఆరాటమంతా నాదే. అద్దానికి అనెమోనీ ఫొటో అంటించమని, గాజు గొట్టంలో పెట్టి చేపల్ని అందులోకి దించమని ఎన్నో సలహాలు వింటాం. నేనేమీ చేయలేదు. ఒకరోజు పొద్దున పెద్దది, అదే ఆడది, తోక ముందు పెట్టి వెనక్కి వెనక్కి వచ్చి ఒక టెంటకిల్‌ని తాకించి చటుక్కున పారిపోయింది. మళ్లీ వచ్చింది. ఈసారి పొట్ట. సాయంత్రానికి తల ఒక్కటే బయట పెట్టి మిగతా ఒళ్లంతా లోపల. మగది మాత్రం ఇంకో రెండ్రోజులు అంచున తచ్చాడింది.

ఇంకో మాట, అనెమోనీ మరీ చిన్నదైతే చేపలే దాన్ని నలిపేస్తాయి, మెరూన్, టొమాటో క్లౌన్‌లలో ఆడవైతే మరీను. విప్పారినప్పుడు ఆడచేప పొడవుకి కనీసం రెండింతలు వెడల్పుండాలన్నది నా లెక్క. ఆయుష్షు సంగతి కూడా ఆలోచించుకోండి. స్కాట్లాండ్‌లో జాన్ డాలియెల్ అనే ఆయన 1828లో తీరంలోంచి తెచ్చి గాజు పాత్రలో పెట్టిన ఒక అనెమోనీ 1887 దాకా బతికింది, పెంచినవాళ్లు చేతులు మారుతూ పోయారు. అది చల్లనీళ్ల వేరే జాతే అయినా, కొనేముందు దాన్ని గుర్తు చేసుకుంటే తొందర కాస్త తగ్గుతుంది.

నా బబుల్ టిప్ చీలి ఇప్పుడు మూడయింది. రెండు నేను పెట్టిన రాతి మీదే ఉన్నాయి, మూడోది నడుచుకుంటూ వెళ్లి జోయాంథిడ్ల (రాయి మీద గుంపుగా పెరిగే చిన్న పగడంలాంటి జీవులు) పక్కన కూర్చుని రోజుకి రెండు మూడింటిని కాలుస్తోంది. చేత్తో పీకను. వచ్చే ఆదివారం చిన్న పంపు దాని పాదం వైపు తిప్పి పెట్టి చూస్తాను, ఆ ఒరవడికి విసుగొచ్చి కదిలితే సరే, లేకపోతే జోయాంథిడ్ల రాయినే అక్కణ్ణించి జరుపుతాను.