సీవ్ పోయింది, మిషన్ కాదు

నాన్నకి సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే జబ్బు. 2021లో కొన్న ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఇంట్లో ఉంది, మామూలు గాలి నుంచే ఆక్సిజన్‌ని వేరు చేసి నిమిషానికి అయిదు లీటర్ల దాకా ఇచ్చే మిషన్. మధ్యలో ఆయన కాస్త కుదుటపడటంతో ఎనిమిది నెలలపాటు దానికి గుడ్డ కప్పి బాల్కనీ పక్క గదిలో పెట్టేశాం. మాది విశాఖలో సముద్రం పక్కనున్న లాసన్స్ బే కాలనీ. పొద్దున వేయించిన అప్పడం మధ్యాహ్నానికి మెత్తబడుతుంది, కిటికీ ఊచలకి ఏడాది తిరక్కుండా తుప్పు పడుతుంది. ఆ గాలి మిషన్‌ని ఏం చేస్తుందో నాకు తట్టలేదు.

వానల్లో నాన్నకి మళ్లీ ఆయాసం మొదలైతే స్విచ్ వేశాం. నీళ్ల సీసాలో బుడగలు వస్తున్నాయి, చప్పుడూ మామూలే. కానీ ఆక్సిజన్ శాతం తగ్గిందని చెప్పే పసుపు లైటు వెలిగింది. 88కీ 92కీ మధ్య ఉంచమని డాక్టరు గారు చెప్పిన రక్తంలో ఆక్సిజన్ రీడింగు 86 దాటలేదు. ఆ రాత్రి పడిన టెన్షన్ చెప్పలేను. సిలిండర్ అద్దెకు తెచ్చి గట్టెక్కాం.

మర్నాడు ఒక సర్వీసు షాపుకి తీసుకెళ్తే మూతైనా విప్పకుండా "కంప్రెసర్ పోయింది, కొత్తది కొనుక్కోండి" అన్నారు. నమ్మకం కుదరలేదు. తెలిసినవాళ్ల ద్వారా గాజువాక కుర్రాడొకడు దొరికాడు. మిషన్ ఇచ్చే గాలిలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే అనలైజర్ పెడితే 74 శాతం చూపించింది. "కంప్రెసర్ బంగారంలా ఉంది సార్. సీవ్ పోయింది" అన్నాడు.

సీవ్ అంటే జల్లెడ అనుకున్నా. చూస్తే రెండు గొట్టాలు, వాటి నిండా గసగసాల్లాంటి గింజలు. అదే జియోలైట్. అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ కలిసి అల్లుకున్న గూడు. దాని రంధ్రాలు నానోమీటరు కన్నా చిన్నవి. నిజానికి ఈ మిషన్లో జల్లించడమేమీ లేదు. గూట్లో సోడియమో లిథియమో అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న కణాలుగా, కూర్చుని ఉంటాయి. గాలిని ఒత్తిడితో పంపితే నైట్రోజన్ వాటిని గట్టిగా పట్టుకుంటుంది, ఆక్సిజన్ పెద్దగా పట్టించుకోకుండా ముందుకెళ్లిపోతుంది. కొన్ని సెకన్లకి ఒత్తిడి తగ్గిస్తే నైట్రోజన్ ఊడి బయటికి పోతుంది. ఒక గొట్టం పడుతుంటే రెండోది వదులుతుంది. మనకి వినపడే 'ఉస్స్' అదే. గాలిలోని ఆర్గాన్ మాత్రం ఆక్సిజన్‌తో పాటే వచ్చేస్తుంది, అందుకే ఎంత మంచి మిషనైనా 95, 96 శాతం దగ్గర ఆగిపోతుంది.

వచ్చిన చిక్కల్లా ఒకటే, జియోలైట్‌కి నైట్రోజన్ కంటే నీళ్ల మీద మక్కువ. ఆవిరి పట్టిందంటే ఒత్తిడి తగ్గించినా ఓ పట్టాన వదలదు. మిషన్ నడుస్తున్నప్పుడు పొడి గాలి తేమని వెనక్కి తోసేస్తూ ఉంటుంది. మూలన పడేస్తే తేమ మెల్లగా లోపలికి పాకుతుంది. అంటే తప్పు మాదే.

వచ్చే అరగంట ముందే గదిలో ఏసీ వెయ్యమన్నాడు. కొత్త గింజలు సీలు వేసిన డబ్బాలో తెచ్చి, తెరిచిన వెంటనే గబగబా గొట్టాలు నింపి బిగించాడు. మిగిలిన పిడికెడు గింజల్ని స్టీలు గ్లాసులో వేసి రెండు చెంచాల నీళ్లు పోశాడు. "పట్టుకోండి." గ్లాసు చురుక్కుమంది! పాత గింజల మీద పోస్తే చల్లగానే ఉంది. కడుపు నిండినవి కదా. ఏ పుస్తకం చదివినా నాకు అంత బాగా అర్థమయ్యేది కాదు.

అనలైజర్ 93 చూపించింది. పసుపు లైటు లేదు.

అమ్మ పాత గింజల్ని చూసి "మూకుట్లో వేయిస్తే తడి పోదా బాబూ?" అంది. "మూడొందల డిగ్రీల పైన, పొడి గాలి పంపిస్తూ చెయ్యాలమ్మా, మన పొయ్యి మీద అవ్వదు" అని నవ్వాడు.

ఆ సంగతి చెప్తే, ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ చదివిన మా పెదనాన్న కొడుకు అమ్మనే సమర్థించాడు. 1756లో స్వీడన్‌కి చెందిన క్రోన్‌స్టెడ్ ఇలాంటి రాయినే వేడిచేస్తే ఆవిరి పొంగిందట. అందుకే గ్రీకులో 'మరిగే రాయి' అని అర్థం వచ్చేలా జియోలైట్ అని పేరు పెట్టాడు. మన ఊరి కైలాసగిరి కొండది ఖొండలైట్ అనే వేరే రాయి, అక్కడ వెతకొద్దన్నాడు. పుణె, నాసిక్ వైపు నల్లరాతి బోలుల్లో దొరుకుతాయట. మిషన్లలో వాడేవి మాత్రం ఫ్యాక్టరీలో తయారుచేసినవే.

రిఫైనరీలో చేసే మా బావ ఇంకోటి చెప్పాడు. బరువైన నూనెల్ని విరగ్గొట్టి పెట్రోలు చేసే యూనిట్లో వాడే పొడిలోనూ జియోలైటే ఉంటుందట. దానికి మసి పడితే దాదాపు 700 డిగ్రీల్లో కాల్చి, మళ్లీ అదే పొడిని వాడతారు.

"చూశావా, వేయిస్తే వస్తుందన్నానా లేదా?" అంది అమ్మ.