బైపాస్ వచ్చినా సెంటర్లో జామ్ ఎందుకు తగ్గలేదు: నా అనుభవం

మాది గుంటూరు మిర్చి యార్డుకు సరుకు వెళ్లే దారిలో, హైవేని ఆనుకుని ఉన్న ఊరు. బైపాస్ కోసం మా పొలాల్లో సర్వే రాళ్లు పాతగానే అందరూ పరిహారం మాటే ఎత్తారు. ఎకరాలు పోతుంటే అదే మాట్లాడతారు మరి. కానీ జాతీయ రహదారుల చట్టం, 1956 ప్రకారం రేటు తేలేది చివర్లో, సెక్షన్ 3జి దగ్గర. అంతకంటే ముందే, ఫలానా భూమి తీసుకోబోతున్నామని సెక్షన్ 3ఎ నోటిఫికేషన్ వస్తుంది. అది వెలువడిన 21 రోజుల్లోపు, సెక్షన్ 3సి కింద, భూమి పోయేవాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఈ రోడ్డు వల్ల ఊళ్లో రద్దీ నిజంగా తగ్గుతుందా అని అడగడానికి నాకు దొరికిన చోటు అదే.

అడగాలంటే చేతిలో కాగితం ఉండాలి. సమాచార హక్కు దరఖాస్తుకు జవాబివ్వడానికి 30 రోజుల గడువుంది, మనకేమో 21 రోజులే. అందుకని నోటిఫికేషన్ కోసం చూడకుండా, రాళ్లు పాతినప్పుడే పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి, రోడ్డు సమగ్ర ప్రాజెక్టు నివేదిక, అంటే డీపీఆర్‌లో ట్రాఫిక్ అధ్యాయం కాపీ కావాలని రాశాను. మీ ఊళ్లో కూడా రాళ్లు పడితే ఆ వారమే పెట్టేయండి.

ఆ అధ్యాయంలో అసలు విషయం ఓడీ సర్వే. రోడ్డు మీద బళ్లు ఆపి ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎక్కడికి వెళ్తున్నారు అని అడిగి వేసిన పట్టిక అది. ఊళ్లో పని లేకుండా దాటిపోయే బళ్లే బైపాస్ ఎక్కుతాయి. పట్టిక చూస్తే అలాంటివి ప్రధానంగా లారీలు. షేర్ ఆటోలు, స్కూలు బస్సులు, బైకులు, ట్రాక్టర్లు మా ఊరివో చుట్టుపక్కలవో. వాటికి బైపాస్‌తో పనే లేదు. పైగా లెక్క తీసింది ఆగస్టులో. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలేమో ఏడాదికి రెండుసార్లు, పంట చేతికొచ్చే రోజుల్లో ఒకసారి, పని తక్కువగా ఉండే రోజుల్లో ఒకసారి లెక్కించమంటాయి. ఫిబ్రవరి నుంచి మిర్చి టిక్కీలతో (బస్తాలతో) బారులు తీరే బళ్లు ఆ పట్టికలో లేనే లేవు.

అభ్యంతరం రాసిచ్చాక జరిగిన విచారణలో ఇదంతా చెప్పాను. “మీ భూమి సంగతి చెప్పండి, ట్రాఫిక్‌తో మీకేం పనండీ?” అన్నారొకరు. “రోడ్డు వేసేదే ట్రాఫిక్ కోసం కదా సార్” అన్నాను. రోడ్డు వెళ్లే దారి, అంటే అలైన్‌మెంట్ మీద అభ్యంతరం తోసిపుచ్చారు. పొలాలకు వెళ్లే డొంక దగ్గర అండర్‌పాస్ మాత్రం ఒప్పుకున్నారు. లోడు ట్రాక్టరు పట్టే ఎత్తు ఉండాలని ఊరంతా సంతకాలు పెట్టి ఇచ్చాం. ఇప్పుడు రోజూ దాని కిందుగానే పొలానికి వెళ్తున్నాం.

బైపాస్ తెరిచాక రాత్రి లారీల మోత పోయింది. పిల్లలు రోడ్డు దాటుతుంటే మునుపటంత భయం లేదు. ఇది చిన్న మేలు కాదు. కానీ పొద్దున తొమ్మిదింటికి సెంటర్ ఎప్పటిలాగే ఉంది. ఆర్టీసీ బస్సు రోడ్డు మధ్యలోనే ఆగుతుంది, దాని వెనక ఆటోలు, పక్కన టిఫిన్ బండి ముందు అడ్డంగా పెట్టిన బైకులు. లారీలు పోయి ఖాళీ అయిన చోటును కొత్త బైకులు, కార్లు నింపేశాయి. కొత్త రోడ్లు కొత్త ట్రాఫిక్‌ను పుట్టిస్తాయని బ్రిటన్‌లో ప్రభుత్వ సలహా సంఘం ఒకటి 1994లోనే తేల్చింది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఎక్స్‌ప్రెస్ బస్సుల సంగతి. అవి ఊళ్లోకి రావడం మానేశాయి. రాత్రిపూట ఆడపిల్లలు దీపం లేని బైపాస్ జంక్షన్లో దిగుతున్నారు. అక్కడేమో దాబాలు, ప్లాట్లు లేచి మరో సెంటర్ తయారవుతోంది.

ఇక చేయాల్సింది ఊరి లోపలే. బస్సు ఆగడానికి రోడ్డు పక్కన బే, ఆటో స్టాండ్‌కు వేరే స్థలం, జంక్షన్లో లైట్లు కావాలని గ్రామసభలో తీర్మానం చేయించి కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాం. మిర్చి సీజన్ మొదలయ్యేలోపు ఆటో స్టాండైనా మార్చాలని అడుగుతున్నాం.