ఫెజ్ లందలు, పసుపు చెప్పులు

"బాలక్! బాలక్!" అని వెనక నుంచి కేక. తప్పుకోమని. తిరిగి చూసేలోపే ఓ గాడిద నా భుజాన్ని రాసుకుంటూ వెళ్లింది. వీపు మీద తడి తోళ్ల కట్ట. ఆ నీళ్లు నాలుగు చుక్కలు నా ప్యాంటు మీద పడ్డాయి. అప్పటికి గంట నుంచి చువారా లందల కోసం, అంటే తోళ్లు నానబెట్టి శుద్ధి చేసి రంగులేసే తొట్ల కోసం, తిరుగుతున్నాను. 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన, మొరాకోలోని ఫెజ్ పాతబస్తీ ఇది. కార్లు దూరవు, ఆ సందుల్లో ఫోన్ మ్యాపూ తికమకపడుతుంది. దారి చూపిస్తామన్న కుర్రాళ్లు డబ్బులడుగుతారు. గాడిద ఏమీ అడగలేదు కాబట్టి దాని వెంటే నడిచాను.

లందలు బాగా కనపడేది చుట్టూ ఉన్న తోలు దుకాణాల మేడల మీద నుంచే. గుమ్మంలో చేతిలో పుదీనా రెమ్మ పెట్టారు. రెండంతస్తులెక్కేసరికి ఎందుకో తెలిసింది.

కింద తేనెపట్టులా గుండ్రటి తొట్లు. అందరి ఫోన్లూ ఎర్రవాటి మీదే. నేను మాత్రం తెల్ల తొట్ల దగ్గరే ఆగిపోయాను. కష్టమంతా అక్కడుంది. సున్నం నీళ్లలో రెండు మూడు రోజులు నానితే వెంట్రుకలు వదులవుతాయి, గీకేస్తారు. సున్నానికి బిరుసెక్కిన తోలును మెత్తబరిచేది పావురాల రెట్ట కలిపిన నీళ్లు. రంగు సంగతి ఆ తర్వాతే. ఒకతను తొడల లోతున దిగి, అంచు మీద చేతులానించి తొక్కుతున్నాడు. కాలెత్తినప్పుడల్లా తోలు పిక్కకు అంటుకుని పైకొచ్చి, చప్పుడుతో జారిపోతోంది. నేను చూసినంతసేపూ తలెత్తలేదు. పైన మేమేమో ముక్కుకు పుదీనా పెట్టుకుని వరసగా నిలబడ్డాం. సిగ్గేసి రెమ్మ జేబులో పెట్టుకున్నాను. రెండు నిమిషాలు ఓర్చుకుని మళ్లీ తీశాను.

దిగే దారి దుకాణంలోంచే. బాబూష్ అనే మడమ లేని పసుపు చెప్పులు నచ్చాయి. మూడొందల యాభై దిర్హామ్‌లన్నాడు.

"ఇది తొట్లో ముంచిన రంగు కాదు బాబూ. కుంకుమపువ్వు, చేత్తో రాసింది."

కుంకుమపువ్వు ధర తెలిసినవాడి దగ్గర చెప్పాల్సిన మాటేనా అది! పసుపు దానిమ్మ తొక్కతోనూ వస్తుంది, డబ్బాలో రసాయనంతోనూ వస్తుంది. నూట ఇరవై అన్నాను. గుండె పట్టుకున్నాడు. టీ తెప్పించాడు. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి వచ్చాక నూట అరవై దగ్గర తెగింది. బాగా బేరమాడానన్న గర్వంతో ఆ సాయంత్రమంతా వాటితోనే తిరిగాను.

రాత్రి హోటల్లో విప్పి చూస్తే రెండు పాదాలూ పచ్చగా ఉన్నాయి. సబ్బుకీ లొంగలేదు. వీడియో కాల్‌లో చూపిస్తే మా ఆవిడ కాసేపు కళ్లు చికిలించి చూసి, "పసుపు ఎవరు రాశారు?" అంది.