నాకు కనిపించే వీడియో ప్రివ్యూ మీకెందుకు కనిపించదు?

మాస్టడాన్‌లో (ఎవరికి వారు నడుపుకునే వేర్వేరు సర్వర్లు కలిసి ఒకే సోషల్ మీడియాలా పనిచేసే చోటు) వీడియో లింక్ పెడితే చాలు, ఎవరో ఒకరు "బొమ్మ రావట్లేదేంటి, ఉత్త లింకే ఉంది" అంటారు. నా ఫోన్‌లో చూస్తే తంబ్‌నెయిల్, టైటిల్, మధ్యలో ప్లే గుర్తు, అన్నీ శుభ్రంగా ఉంటాయి. ఇంకో సర్వర్‌లో ఉన్న ఫ్రెండ్‌కేమో బూడిద రంగు డబ్బా. మరొకరికి బొమ్మ లేదు గానీ "కొనసాగే ముందు కుకీలకు ఒప్పుకోండి" అన్న వాక్యమే వీడియో టైటిల్‌గా వచ్చి కూర్చుంది!

అసలు సంగతేంటంటే ఆ ప్రివ్యూ పోస్టుతో పాటు ప్రయాణం చేయదు. ఒకే కంపెనీ నడిపే సోషల్ మీడియాలో లింకును వాళ్ల సర్వర్ ఓసారి తెరిచి కార్డు (అంటే బొమ్మ, టైటిల్ ఉన్న ఆ ప్రివ్యూ డబ్బా) తయారుచేసి అందరికీ అదే చూపిస్తుంది. మాస్టడాన్‌లో యాక్టివిటీపబ్ (సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) ద్వారా అవతలి సర్వర్‌కు చేరేది మనం రాసిన మాటలు, వాటిలోని లింకు. అందుకున్న ప్రతి సర్వరూ తనే ఆ వీడియో పేజీకి వెళ్లి, ఫేస్‌బుక్ 2010లో తెచ్చిన ఓపెన్ గ్రాఫ్ ట్యాగుల (టైటిల్, బొమ్మ ఏవో చెప్పే, పేజీ కోడ్‌లోని గుర్తులు) కోసమో, ఓఎంబెడ్ (అవే వివరాలను సైట్‌ని అడిగి తెచ్చుకునే మరో పద్ధతి) కోసమో వెతికి, దొరికినదానితో సొంతంగా ఓ కార్డు చేసుకుంటుంది. కాబట్టి "నాకు బాగానే కనిపిస్తోంది" అన్న జవాబు ఇక్కడ ఎందుకూ పనికిరాదు.

పైగా వీడియో సైట్లు బాట్లంటే (మనుషులు కాకుండా పేజీలు తెరిచే ప్రోగ్రాములంటే) మండిపడతాయి. డేటా సెంటర్ ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నుంచి వచ్చిన సర్వర్‌ని చూడగానే తలుపేసేస్తాయి, లేదా లాగిన్ పేజీ చేతిలో పెడతాయి. సర్వర్ యూరప్‌లో ఉంటే కుకీల అనుమతి పేజీ ఎదురవుతుంది. పాపం మన సర్వర్‌కి అది వీడియో పేజీయా కాదా అన్నది తెలియదు, అందులో టైటిల్ అని ఏది ఉంటే దాన్నే పట్టుకొచ్చేస్తుంది. సైట్ వాళ్లను పూర్తిగా తప్పుపట్టలేం లెండి. ఎక్కువమంది ఫాలో అయ్యే అకౌంట్ ఒక్క లింక్ పెడితే వందల సర్వర్లు ఒక్కసారిగా మీద పడతాయి. ఆ తాకిడి తగ్గించడానికే బయటి నుంచి వచ్చిన పోస్టులోని లింకును మాస్టడాన్ వెంటనే తెరవకుండా ఒక నిమిషం లోపు ఎప్పుడో ఒకప్పుడు తెరుస్తుంది, అందుకే కార్డు కాస్త ఆలస్యంగా ప్రత్యక్షమవుతుంది.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది మాత్రం వేరే. కార్డు పోస్టుకి కాదు, ఆ యూఆర్‌ఎల్‌కి అతుక్కుని ఉంటుంది. మొదటిసారి తెరిచినప్పుడు చెత్త వచ్చిందంటే సర్వర్ దాన్నే దాచుకుని, మామూలుగా 2 వారాల దాకా మళ్లీ ఆ పేజీ వైపు తొంగి చూడదు. పోస్టు డిలీట్ చేసి మళ్లీ పెట్టండి, అదే డబ్బా. వేరేవాళ్లు అదే లింక్ పెట్టినా అదే డబ్బా. యూఆర్‌ఎల్ చివర ప్రశ్నార్థకం పెట్టి ఏదో ఒక అక్షరం, సమానం గుర్తు, ఓ అంకె తగిలిస్తే సర్వర్ దాన్ని కొత్త లింక్ అనుకుని మళ్లీ వెళ్లి చూస్తుంది (లింకులో అప్పటికే ప్రశ్నార్థకం ఉంటే దాని బదులు ఆంపర్‌సాండ్). ముతక పద్ధతే, కానీ చాలాసార్లు పనిచేస్తుంది. సైట్ తలుపేసిన సర్వర్‌లో మాత్రం ఇది కూడా పనిచేయదు.

స్క్రీన్‌షాట్ జతచేస్తే పోలా అంటారు కొందరు. పోస్టుకి ఫోటో ఉంటే లింక్ కార్డు అసలు చూపించరు, అంటే బాగా వచ్చినవాళ్లకు కూడా పోతుంది. అయినా అందరికీ ఒకేలా కనిపిస్తుంది కాబట్టి ముఖ్యమైన వీడియో అయితే నేనూ అదే చేస్తాను, చూడలేనివాళ్ల కోసం ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో చెప్పే వివరణ) రాసి మరీ.

వీడియోని నేరుగా అప్‌లోడ్ చేస్తే ఈ గొడవ ఉండదు, తంబ్‌నెయిల్ మన సర్వరే తీస్తుంది. సైజు పరిమితి ఒక్కటే ఇబ్బంది.

పోస్టు రాసినవాళ్ల సర్వరే కార్డు కూడా పంపేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. దీనికి వచ్చే అభ్యంతరం ఏంటంటే, ఎవడైనా దొంగ సైట్ లింక్‌కి పేరున్న వార్తాసంస్థ టైటిల్, బొమ్మ తగిలించి పంపొచ్చు. నిజమే. కానీ ఆ పని చేయాలనుకున్నవాడు తన సైట్‌లోనే దొంగ ట్యాగులు పెట్టుకుని ఇప్పుడు కూడా చేయగలడు. కార్డు మీద డొమైన్ పేరు (సైట్ చిరునామా) పెద్దగా, అందుకున్న సర్వరే రాసి చూపిస్తే చాలని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ పేరు లింకులోనే ఉంటుంది, దానికోసం ఎవరి పేజీ తలుపూ తట్టక్కర్లేదు.