కథ అచ్చయ్యేదాకా: నా అనుభవం

మామిడికాయల మండీ మీద నేను రాసిన కథ ఈ ఆదివారం పత్రికలో వచ్చింది. కొత్తగా రాసేవాళ్లు ఎలా పంపావని అడుగుతున్నారు కాబట్టి వేడి మీదే చెప్పేస్తున్నా.

టైపింగ్ పెద్ద పని కాదు. ఫోన్‌లోనే యూనికోడ్‌లో కొట్టుకోండి, డీటీపీ షాపుల చుట్టూ తిరిగి డబ్బులు తగలేయకండి. కథతోపాటు ఇది నా సొంత రచన, అనువాదమో అనుసరణో కాదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు అని హామీపత్రం జతచేయాలి. అంతే.

అసలు బాధ పడింది పంపకముందే. తిరుపతిలో ఒక సాహిత్య సమావేశంలో ఈ కథ చదివాను. రెండో పేజీలో ఉండగానే వేదిక మీది పెద్దాయన చెయ్యెత్తి ఆపేశారు. "ఇది కథ కాదమ్మా, మీ ఊరి ముచ్చట. ముందు ఆ యాస తీసేసి మంచి తెలుగులో రాసుకురా" అన్నారు. హాల్లో నవ్వులు. కాగితాలు మడుచుకుని కూర్చున్నా గానీ చెవులు మండిపోయాయి. ఆ తర్వాత ఆయన చాలాసేపు మాట్లాడారు, నా కథలో ఫలానా వాక్యం బాగాలేదని మాత్రం ఒక్కటీ చూపించలేదు. ఈ జిల్లాలోనే పంతులుగా పనిచేస్తూ ఇక్కడి పల్లెల కథలు రాసిన మధురాంతకం రాజారాం గారికి 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఇక్కడి రచయిత నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారు అచ్చంగా ఇక్కడి మాటలోనే రాసి అందరిచేతా చదివించారు. ఈ గడ్డ మీద కూర్చుని యాస తీసేయమనడానికి ఆ పెద్దాయనకు నోరెలా వచ్చిందో!

నేను తీయలేదు. దామలచెరువు పోయి, ఏళ్ల తరబడి మండీకి కాయలు తోలిన మా పెద్దమ్మకు కథంతా పైకి చదివి వినిపించా. అందులో ఒక రైతు "ఈ రేటు మాకు గిట్టదన్నా, పెట్టిన పెట్టుబడి కూడా ఎనక్కి రాదు, ఇట్లయితే రైతు ఎట్ల బతికేది?" అని ఆవేదనగా అంటాడు. పెద్దమ్మ అక్కడ ఆపి, "మండీకాడ అంత పొడుగ్గా ఎవురు మాట్లాడతారు మే? కోతకూలి కూడా రాదు కదన్నా అంటారు, టవలు దులిపి బుజానేసుకోని పోతారు" అనింది. అదే పెట్టా. ఆ 'ఆవేదనగా' కూడా కొట్టేశా, టవలు దులపడంలోనే అదంతా ఉంది. ఇలా ప్రతి సంభాషణా చూసుకుంటూ పోతే కథ బాగా చిక్కబడింది. పత్రికవాళ్లు ఒక్క మాట మార్చకుండా వేశారు, గర్వంగానే చెప్తున్నా.

కాబట్టి మీ కథలో ఏ పని ఉందో ఆ పని చేసినవాళ్లకు వినిపించండి, సభల్లో కాదు. ఎవరైనా బాగాలేదంటే ఏ వాక్యం దగ్గర ఆగిపోయారో అడగండి. చూపిస్తే రాసుకోండి, లేకపోతే దండం పెట్టి వచ్చేయండి.

పాత కథల కోసం పుస్తకాలు కొనలేనివాళ్లు కథానిలయం వెబ్‌సైట్ చూడండి. కాళీపట్నం రామారావు గారు శ్రీకాకుళంలో 1997లో పెట్టిన కథల లైబ్రరీ అది. పాత పత్రికల కథలు స్కాన్ చేసి ఉచితంగా ఉంచారు. మీ వైపు వాళ్లు రాసినవి వెతికి, ముందు సంభాషణలు పైకి చదువుకోండి.