ఏ సూత్రం ముందు, ఏది తర్వాత

కల్పిత భాషలు కట్టేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ధ్వని మార్పుల టూల్ కావాల్సి వస్తుంది. ముందు ఓ మూలభాష తయారు చేసుకుంటాం. దానికి వెయ్యేళ్ల వయసు రావాలంటే ప్రతి మాటనూ చేత్తో మార్చుకుంటూ కూర్చోలేం. మాటల జాబితా ఒకవైపు, సూత్రాల జాబితా ఇంకోవైపు ఇస్తే కూతురు భాష బయటికి వచ్చేయాలి. మార్క్ రోజెన్‌ఫెల్డర్ రాసిన ఎస్‌సీఏ2 అనే టూల్ ఈ పనిని బ్రౌజర్‌లోనే చేసిపెడుతుంది. లెక్సర్జీ అనే ఇంకో టూల్ ఇంకా పనిమంతురాలు. అవి ఉండగా నేను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో సొంతంగా రాసుకోవడానికి కారణం పంతమే. తెలుగు లిపిలో రాసి, ఫలితం కూడా తెలుగు లిపిలోనే చూసుకోవాలి.

ఆ పంతం ఖరీదు 'స్త్రీ' లాంటి మాట దగ్గర తెలుస్తుంది. కంటికి అది ఒకే అక్షరం. పొడవెంత అని పైథాన్‌ను అడిగితే 6 అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. నోటికి మాత్రం నాలుగే ధ్వనులు. పైగా కంప్యూటర్‌లో అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌లో తలకట్టుకు కోడే లేదు. హల్లు తర్వాత ఏ గుర్తూ లేకపోతే అక్కడ 'అ' ఉన్నట్టు మనమే అర్థం చేసుకోవాలి. పదం చివర అచ్చు పోతుందని సూత్రం రాస్తే, 'మల' అనే మాటలో పోవాల్సిన ఆ అచ్చు ఫైల్లో ఎక్కడా కనబడదు. లేనిదాన్ని తీసేయమంటే కంప్యూటర్ మాత్రం ఏం చేస్తుంది? అందుకని టూల్ మొట్టమొదట మాటను విడగొడుతుంది: 'మకి' అంటే మ్, అ, క్, ఇ. సూత్రాలన్నీ ఈ ముక్కల మీదే నడుస్తాయి. చివర్లో మళ్లీ అక్షరాలుగా అతుకుతుంది.

రెండో తలనొప్పి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లది, అంటే అక్షరాల నమూనా ఇచ్చి వెతికించే పద్ధతిది. రెండు అచ్చుల మధ్య ప్ కాస్తా బ్ కావడం బోలెడు భాషల్లో కనబడే మార్పు. దాన్ని 'అచ్చు, ప్, అచ్చు' అని వెతికిస్తే, 'మబబ' కావాల్సిన 'మపప' కాస్తా 'మబప' అయి కూర్చుంటుంది. మధ్యలో ఉన్న అచ్చును మొదటి ప్ తన కుడివైపు సాక్షిగా వాడేసుకుంది. రెండో ప్‌కి ఎడమవైపు సాక్షి మిగల్లేదు. పక్కవాటిని చూడాలే కానీ మింగకూడదు. ముందున్నదాన్ని వాడేసుకోకుండా తొంగిచూసే లుక్‌ఎహెడ్ ఉన్నది అందుకే.

ఇవన్నీ ఒకసారి సర్దేస్తే సర్దుకునేవి. ఎంత సర్దినా తెగనిది, నాకు అసలు సరదా ఉన్నది సూత్రాల వరుసలో.

ఇప్పుడు కడుతున్న భాషలో 'మకి' అంటే రాయి, బహువచనం 'మకిన'. సూత్రాలు రెండే అనుకుందాం. ఒకటి: ఇ ముందున్న క్, చ్ అవుతుంది. రెండు: పదం చివరి అచ్చు పోతుంది. ఈ వరుసలో నడిపితే మకి ముందు మచి అయి, తర్వాత మచ్ అవుతుంది. మకిన ముందు మచిన, తర్వాత మచిన్. రాయి మచ్, రాళ్లు మచిన్. శుభ్రంగా ఉంది. ఇప్పుడు సూత్రాలను తిరగేయండి. మకిలో చివరి ఇ ముందే పోయి మక్ మిగిలింది. ఇక చ్ కావడానికి ఇ ఏదీ? మకినలో చివరి అ పోయినా ఇ లోపల భద్రంగానే ఉంది, కాబట్టి మచిన్. రాయి మక్, రాళ్లు మచిన్. అవే సూత్రాలు, అవే మాటలు. ఫైల్లో రెండు లైన్లు అటూ ఇటూ అయ్యేసరికి ఒక భాషకు మామూలు బహువచనం దక్కింది, ఇంకోదానికి పిల్లలు బట్టీ పట్టాల్సిన బహువచనం దక్కింది.

(క్ చ్ కావడం నా కల్పన కాదు. కన్నడంలో కివి, మనకు చెవి. కన్నడంలో కెడు, మనకు చెడు. తమిళంలోనూ ఈ మార్పు వచ్చింది, కాకపోతే ఒక మినహాయింపుతో: తర్వాత మూర్ధన్యం (ట, డ, ణ లాంటి ధ్వని) ఉంటే క్ కదలదు. అందుకే అక్కడ చెవి 'సెవి' అయింది, కెడు మాత్రం కెడుగానే ఉండిపోయింది. నా టూల్‌లో మినహాయింపుల భాగాన్ని పరీక్షించడానికి ఈ రెండు మాటలే వాడతాను.)

మొదటి వరుసలో వచ్చిన 'మచ్'ని ఇంకోసారి చూడండి. చ్ ఉంది, దాన్ని తెచ్చిన ఇ లేదు. ఇంగ్లిష్‌లో ఫుట్‌కి బహువచనం ఫీట్ కావడమూ ఇలాంటిదే. పాత జర్మానిక్ రూపం చివర ఓ ఇ ఉండేది. అది ముందున్న అచ్చును తనవైపు లాగి, తర్వాత తాను రాలిపోయింది. బ్రిటన్ పార్లమెంటు ప్రారంభోత్సవం చూసినప్పుడల్లా నాకు ఈ ఫీట్ గుర్తొస్తుంది. రాజు ప్రసంగానికి ఎంపీలను పిలవడానికి బ్లాక్ రాడ్ అనే అధికారి వస్తే, దిగువ సభ కామన్స్ తలుపు మొహం మీదే వేసేస్తారు. మూడుసార్లు కొడితే తీస్తారు. 1642లో మొదటి చార్లెస్ ఐదుగురు సభ్యులను అరెస్టు చేద్దామని సైనికులను వెంటబెట్టుకుని సభకు వచ్చాడు. అలా వచ్చే రాజు ఇప్పుడు లేడు, తలుపు వేయడం మాత్రం ఉంది.

కోడ్ రాసేటప్పుడు పక్క స్క్రీన్ మీద ఏదో ఒక సభ లైవ్ పెట్టుకోవడం నాకు అలవాటు. పాటలు పెడితే వినాలనిపిస్తుంది, సభ పెడితే ఆ ఇబ్బంది లేదు. అలా చూసీ చూసీ, ఉపన్యాసాల కంటే ఎజెండా కాగితమే ముఖ్యమనే అభిప్రాయానికి వచ్చేశాను. లోక్‌సభలో బడ్జెట్ పద్దుల సంగతే తీసుకోండి. ఏ శాఖల పద్దులు చర్చకు రావాలో ముందే ఖరారైపోతుంది. కేటాయించిన రోజుల్లో చివరి రోజున గిలటిన్ పడుతుంది: మిగిలిన పద్దులన్నిటినీ చర్చ లేకుండా ఓటుకు పెట్టేస్తారు. వెనకబడ్డ శాఖను ఎవరూ విమర్శించక్కర్లేదు, ఎవరూ వెనకేసుకురానక్కర్లేదు. దాని వంతు వచ్చేసరికి మకిలో ఇ మిగల్లేదు, అంతే.

ఇంతకంటే పాతది, నాకు బాగా ఇష్టమైనది రోమన్ సెనేట్ ఉదంతం. క్రీ.శ. 105లో అఫ్రానియస్ డెక్స్‌టర్ అనే కాన్సుల్ (రోమ్‌లో పెద్ద పదవి) చనిపోయి కనిపించాడు. ఆత్మహత్యో, ఇంట్లోవాళ్ల పనో తేలలేదు. అతను బానిసత్వం నుంచి విడుదల చేసినవాళ్లను ఏం చేయాలన్నది సెనేట్ ముందుకొచ్చింది. అభిప్రాయాలు మూడు: వదిలేయాలి, దీవికి పంపేయాలి, చంపేయాలి. వదిలేద్దామన్నది రచయిత, సెనేటర్ అయిన చిన్న ప్లినీ వర్గం. శిక్ష వేయాలా వద్దా అన్నది ముందు తేలిస్తే మిగతా రెండు వర్గాలూ ఒకవైపు చేరిపోతాయి. అందుకని మూడింటినీ విడివిడిగా లెక్కపెట్టాలని ప్లినీ పట్టుబట్టాడు. చంపమనేవాళ్లూ, పంపేయమనేవాళ్లూ ఒకే పక్షం ఎలా అవుతారని ఆయన వాదన. చివరికి మరణశిక్ష అడిగినాయన తన ప్రతిపాదన వదులుకుని దీవి పక్షాన చేరిపోయాడు. ఈ సంగతంతా ప్లినీయే ఒక న్యాయకోవిదుడికి ఉత్తరం రాశాడు, నేను చేసింది సరైనదేనా అని అడుగుతూ. న్యాయం మాట ఎలా ఉన్నా ప్లినీకి లెక్క బాగా తెలుసు. అవతలివాడికీ తెలుసు, అదే చిక్కు.

ప్లినీ అడిగిన పద్ధతిని టూల్‌లోనూ పెట్టాను. ఆ మోడ్‌లో సూత్రాలు ఒకదాని వెనక ఒకటి కాకుండా, అన్నీ మూల రూపాన్నే చూసి ఒకేసారి పనిచేస్తాయి. వరుస గొడవ పోయినట్టే కనిపిస్తుంది. కానీ రెండు సూత్రాలు ఒకే ధ్వని మీద పడితే? ఇ ముందున్న క్‌ను చ్ చేయమని ఒకటి అంటుంది, అచ్చుల మధ్య క్‌ను గ్ చేయమని ఇంకోటి అంటుంది. మకిలో ఎవరి మాట వినాలి? మళ్లీ ఎవరు పెద్దో చెప్పాల్సిందే. పాణిని ఎప్పుడో తీర్పు చెప్పేశాడు: విప్రతిషేధే పరం కార్యమ్. సూత్రాలు తలపడితే గ్రంథంలో తర్వాత వచ్చినదే చెల్లుతుందని సంప్రదాయ వ్యాఖ్యానం. పార్లమెంట్లు చేసే చట్టాల విషయంలోనూ మామూలుగా ఇదే పద్ధతి. పాతదానికీ కొత్తదానికీ పొసగకపోతే కొత్తది నిలుస్తుంది. నా టూల్ కూడా ఫైల్లో కింద ఉన్న సూత్రం మాటే వింటోంది. స్కూల్లో సంధుల దగ్గర నేర్చుకున్న 'వైకల్పికం' కూడా ఇందులో ఉంది, రెండు రూపాలూ చూపిస్తుంది. ఒకసారి జరిగి, ఒకసారి జరగక, ఒకసారి ఇంకోలా అయ్యే 'బహుళం' మాత్రం పెట్టలేదు. బహుళాన్ని కోడ్ చేయాలంటే రాండమ్ నంబర్ తప్ప నాకు దారి తోచలేదు.

అన్నిటినీ విడివిడిగా ఓటుకు పెట్టినంత మాత్రాన ఏదో ఒకటి తేలుతుందనీ లేదు. 2003 ఫిబ్రవరిలో బ్రిటన్ కామన్స్, ఎగువ సభ లార్డ్స్ కూర్పు మీద ఏడు ప్రత్యామ్నాయాలకు ఒకదాని తర్వాత ఒకటిగా ఓటేసింది. ఏదీ నెగ్గలేదు. 80 శాతం మందిని ఎన్నుకోవాలన్నది 281–284తో పోయింది. 2019 మార్చి 27న బ్రెగ్జిట్ మీద 8 ప్రత్యామ్నాయాలను కాగితాల మీద ఒకేసారి ఓటుకు పెట్టారు. అవీ మొత్తం పోయాయి. వద్దనడానికి ప్రతిసారీ సరిపడా మంది ఉన్నారు, కావాలనడానికే లేరు. జర్మనీ రాజ్యాంగం ఈ జబ్బుకు ముందే మందు రాసిపెట్టుకుంది: కొత్త చాన్స్‌లర్‌ను (అక్కడి ప్రభుత్వాధినేతను) ఎన్నుకోకుండా, ఉన్న చాన్స్‌లర్‌ను అవిశ్వాసంతో దించడానికి వీల్లేదు. 1982 అక్టోబర్ 1న హెల్ముట్ ష్మిట్ దిగిపోవడం, హెల్ముట్ కోల్ రావడం ఒకే తీర్మానంతో జరిగిపోయాయి. సూత్రం రాసేటప్పుడు నేనూ ఇదే పట్టింపు పెట్టాను. ఏది పోవాలో చెబితే చాలదు, సూత్రంలోని బాణం గుర్తుకు అటువైపు ఏం రావాలో కూడా చెప్పాలి. ఖాళీగా వదిలితే ఎర్రర్ వస్తుంది. నిజంగానే తీసేయాలంటే సున్నా పెట్టాలి.

ఈ మధ్య ఇంకో ఫీచర్ చేర్చాను. సూత్రాలను రకరకాల వరుసల్లో నడిపి, ఏ మాటల రూపం మారిందో చూపిస్తుంది. ఊరుకోలేక అదే ఫంక్షన్‌కు సూత్రాల బదులు మూడు ప్రతిపాదనలు ఇచ్చాను. ఒక సభ్యుడి ఇష్టం వరుసగా క, చ, ట. రెండో సభ్యుడిది చ, ట, క. మూడో సభ్యుడిది ట, క, చ. ముందు రెండింటికి పోటీ పెట్టి, నెగ్గినదాన్ని మిగిలినదాని మీదికి పంపాలి. స్వీడన్ పార్లమెంటులో ప్రతిపాదనలను నిజంగానే ఇలా జతలుగా పోటీ పెడతారు. క, చ ముందు తలపడితే చివరికి ట గెలిచింది. చ, ట తలపడితే క గెలిచింది. ట, క తలపడితే చ గెలిచింది. సభ్యుల్లో ఎవరూ మనసు మార్చుకోలేదు. ఏది ఆఖర్న బరిలోకి దిగితే దానిదే గెలుపు. ఫ్రెంచ్ గణితవేత్త కొండార్సె 1785లోనే ఈ చిక్కును చూపించాడు. అయినా దాన్ని సొంత టూల్ స్క్రీన్ మీద ప్రింట్ చేస్తే ఆ కిక్కే వేరు.

అన్ని వరుసలూ చూడాలంటే 5 సూత్రాలకు 120 చాలు. 10 సూత్రాలకైతే 36,28,800. నా భాషకు సూత్రాలు అంతకంటే ఎక్కువే ఉన్నాయి. అందుకని ప్రస్తుతానికి పక్కపక్కన ఉన్న రెండేసి సూత్రాలనే తారుమారు చేసి చూస్తోంది. చాలా జతల్లో ఏమీ మారదు, అవి బూడిద రంగులో వస్తాయి. మారినవి ఎర్రగా వస్తాయి. మకి లైను ఎర్రగానే ఉంది. మక్, మచిన్ వైపే మొగ్గుతున్నాను. బట్టీ పట్టేవాళ్లు పడతారు.