గడుల్లో ఇరుక్కున్న అంకెలు

“అక్కా, గీతలు తీసేస్తే ఇది టేబుల్‌లా ఎలా ఉంటుందే?”

మా పిన్ని కూతురు. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్, రేపే ప్రాజెక్టు సబ్మిషన్. సంభావ్యతలు చూసుకునే నార్మల్ డిస్ట్రిబ్యూషన్ టేబుల్‌ని లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టి పంపింది. ప్రతి అంకె చుట్టూ నాలుగు గీతలు, జైలు గదుల్లా.

వేలు పెట్టకుండా 1.96కి విలువ చెప్పమన్నాను. 1.9 వరుస దగ్గర బయల్దేరి, 0.06 కాలమ్‌కి చేరేలోపు కింది వరుసలోకి జారిపోయింది. 0.9803 అంది. అది 2.06ది. రావాల్సింది 0.9750.

వెంటనే టేబుళ్ల కోసం ఉన్న లేటెక్ ప్యాకేజీ బుక్‌ట్యాబ్స్ పెట్టించాను. పైన ఒక గీత, శీర్షికల కింద సన్నగా ఒకటి, చివర ఒకటి, అంతే. నిలువు గీతలు అస్సలు వాడొద్దని ఆ ప్యాకేజీ మాన్యువల్‌లోనే మొదటి నియమం. జంట గీతలు వద్దన్నది రెండోది. ఇక ప్రతి ఐదు వరుసలకీ ‘యాడ్‌లైన్‌స్పేస్’ కమాండ్‌తో కాస్త ఖాళీ వదిలితే చాలు, కన్ను దారి తప్పదు.

ఇంకో టేబుల్‌లో 104, 12.5, 3.75 అన్నీ కాలమ్ మధ్యలో నిలబడ్డాయి. ఏది పెద్దదో చూడగానే తెలియదు. ఎస్‌ఐయూనిట్‌ఎక్స్ అనే ఇంకో ప్యాకేజీలో ‘ఎస్’ రకం కాలమ్ వాడితే దశాంశ బిందువులన్నీ ఒకే నిలువులోకి వచ్చేస్తాయి. నన్నడిగితే టేబుళ్లకి రంగులేయడం కంటే ముందు నేర్పాల్సింది ఇదే.

ఈసారి 1.96 ఠక్కున చెప్పింది. కానీ వాళ్ల గైడ్ గారికి గడులంటేనే ఇష్టమట! రెండు పీడీఎఫ్‌లూ పట్టుకెళ్లమన్నాను.